ఆటు వేళ దిగని నీళ్ళు

వేదిక మీద కూర్చున్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ అంతకన్నా పెద్దలకు, నా పదవీ విరమణ సభను నడుపుతున్న మా ఉద్యోగ సంఘం కార్యదర్శిగారికి, ముఖ్య అతిథిగా వచ్చి నా గురించి నేనే నమ్మలేనన్ని మంచిమాటలు చెప్పిన చీఫ్ ఇంజనీరుగారికి, ముప్ఫై రెండేళ్ళుగా పక్క బల్లల దగ్గర కూర్చుని నా దగ్గునూ నా కోపాన్నీ భరించిన తోటి ఉద్యోగులకు, పనులు మానుకుని పడవల వీధి నుంచి ఇంత దూరం నడిచి వచ్చిన అందరికీ నమస్కారాలు.

మైకు ముందు మాట్లాడటం నాకు కొత్త కాదు గానీ, ఎదురుగా మనుషులుండటం మాత్రం కొత్త. మా ఫ్లడ్ కంట్రోల్ రూములో మైకుకి ఎదురుగా ఉండేది గోడ, గోడ మీద నది మ్యాపు, ఆ మ్యాపు మీద చెమ్మ దిగి ఏర్పడిన గుమ్మడికాయంత మరక. ఇన్నేళ్ళూ నేను హెచ్చరికలు చదివింది ఆ మరకకే. పాపం, అది ఏనాడూ నాకు ఎదురు చెప్పలేదు. (నవ్వులు)

ఆహ్వాన పత్రికలో నా అసలు పేరు అచ్చువేస్తే, "ఎవరండీ ఈవిడ, కొత్తగా వచ్చారా?" అని అడిగినవాళ్ళున్నారట. ఊళ్ళో నన్ను అందరూ వరదమ్మ అనే పిలుస్తారు. స్తంభాలకు కట్టిన మైకుల్లో నా గొంతు వినిపిస్తే, "వరదమ్మ వచ్చింది, మూటలు కట్టండి" అనేవారు. అన్నం తినమని మారాం చేసే పిల్లల్ని నా పేరు చెప్పి బెదిరించేవాళ్ళని కూడా విన్నాను. ఇదిగో, మొదటి వరుసలో కూర్చున్న మా ఆయన ఒక్కరే నా హెచ్చరికలు ఏనాడూ చెవిన పెట్టలేదు. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు, కాసేపయ్యాక మీకు నవ్వబుద్ధి కాదు.

చీఫ్ ఇంజనీరుగారు ఇందాక ఒక మాటన్నారు. "ముప్ఫై రెండేళ్ళలో ఆవిడ ఒక్క అక్షరం తప్పు చదవలేదు" అని. మీరంతా చప్పట్లు కొట్టారు. వారం రోజులుగా నేను ఈ సభలో చెప్పాలనుకున్నది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇంట్లో గదులన్నీ తిరిగాను. సారు ఆ మాటతో నాకు దారి చూపించారు. ఆయన చెప్పింది నిజమే. ఒక్క అక్షరం తప్పు చదవలేదు. కాగితంలో ఏముంటే అదే చదివాను. దాని గురించే చెబుతాను. టీ చల్లారిపోతుందని క్యాంటీన్ ఆయన తలుపు దగ్గర నుంచి సైగ చేస్తున్నాడు, ఈ ఒక్కరోజూ చల్లారనీ నాయనా.

తెలియనివాళ్ళ కోసం మా పని ఎలా నడుస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. నది సముద్రంలో కలిసే మొగకి అర మైలు ఎగువన పాత వంతెన ఉంది. ఆ వంతెన స్తంభానికి అడుగులూ అంగుళాలూ గీసిన గేజీ ఉండేది. దాని పక్కన రేకుల గదిలో ఒక గేజీ రీడరు ఉండేవాడు. గంటగంటకీ మెట్లు దిగి, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసి, తన రిజిస్టరులో రాసుకుని, కంట్రోల్ రూముకి ఫోను చేసేవాడు. నేను రాసుకుని ఇంజనీరుగారికి చూపించేదాన్ని. ఆయన లెక్క వేసి ప్రకటన రాయించేవారు, నేను చదివేదాన్ని.

ఆ గేజీ రీడరుని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన ఆరో క్లాసు దాటలేదు. కానీ మొగ దగ్గర పుట్టి పెరిగినవాడు. ఫోనులో అంకె చెప్పి ఊరుకునేవాడు కాదు. "తల్లీ, ఇవాళ నీళ్ళల్లో ఎర్రమన్ను ఉంది, ఎగువన కొండల్లో బాగా కురిసింది" అనేవాడు. "తల్లీ, కొంగలన్నీ కట్ట దాటి లోపలికొచ్చేశాయి" అనేవాడు. కొంగల గురించి రాసుకోవడానికి మా రిజిస్టరులో గడి లేదు. అంకె గడిలో అంకె వేసి, రిమార్కుల గడి ఖాళీగా వదిలేసేదాన్ని. ఆయన కూతురు ఇవాళ ఈ హాల్లో ఉంది. బట్టలు కుట్టే అమ్మాయి. రెండో వరుసలో, కిటికీ పక్కన. రానని రెండుసార్లు చెప్పి, మూడోసారి నా కోసం వచ్చింది. అమ్మా, నువ్వు మధ్యలో లేచి వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళిపో, నేనేమీ అనుకోను.

పదమూడేళ్ళ కిందట, ఒకే వానాకాలంలో మూడుసార్లు, నది కట్టని ఆనుకుని ఉన్న పడవల వీధిని ఖాళీ చేయించాం. మూడుసార్లూ నేనే చదివాను. మూడుసార్లూ తుఫాను పక్కకి తిరిగిపోయింది, నది కట్ట దాకా వచ్చి వెనక్కి పోయింది. జనం లారీలెక్కి స్కూలు గదుల్లో పడుకుని, తిరిగి వచ్చి చూసుకుంటే ఇళ్ళు పొడిగా ఉన్నాయి. చేపలమ్మే ఒకావిడ సరాసరి కంట్రోల్ రూముకే వచ్చి, "వరదమ్మా, వరద రాలేదు గానీ దొంగొచ్చాడే! నా పదకొండు కోళ్ళూ పట్టుకుపోయాడు. ఈసారి నువ్వే వచ్చి కాపలా కాయి, నేను లారీ ఎక్కుతాను" అంది. (నవ్వులు) ఆవిడ చెబుతుంటే మేమూ నవ్వాం. కానీ మూడోసారి లారీ దిగుతూ ఒక ముసలాయన జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచాన పడ్డాక ఆయన మళ్ళీ లేవలేదు. ఆయన కొడుకులు వచ్చి నా బల్ల మీద గుప్పెడు బురద వేసి వెళ్ళారు. నేను బజారుకి వెళితే, "ఇవాళ ఏం ముంచుతున్నావమ్మా?" అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆ నవ్వు నాకు లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

పై ఆఫీసు నుంచి అప్పుడే కొత్త ఫారం వచ్చింది. ప్రకటన చివర ఒక వాక్యం అచ్చువేసి పంపారు. "ప్రస్తుతం ఇళ్ళు ఖాళీ చేయవలసిన అవసరం లేదు." నీటిమట్టం ప్రమాదస్థాయికి రెండడుగుల లోపు రానంత వరకూ ఆ వాక్యం ఉంచాలి, వచ్చాక కొట్టెయ్యాలి. అంతే నిబంధన.

ఇక ఆ రోజు సంగతి. పదకొండేళ్ళయింది. పొద్దున తెల్లటి ఎండ కూడా కాసింది. ఎగువ నుంచి వరద వస్తోంది, మర్నాడు మధ్యాహ్నానికి ఇక్కడికి చేరుతుందని లెక్క. సముద్రంలో తుఫాను ఉంది, అది దక్షిణంగా దాటిపోతుందని రేవు ఆఫీసు లెక్క. రెండు లెక్కలూ విడివిడిగా బాగానే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసే బల్ల మాత్రం ఈ ఊళ్ళో ఎక్కడా లేదు.

ఆ రోజు ఆటు పదకొండున్నర దాకా. ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గుతుంది కదా, నదికి దారి దొరుకుతుంది, వంతెన దగ్గర నీళ్ళు అడుగో, అడుగున్నరో దిగుతాయి. వరద రోజుల్లో కూడా కొంత దిగుతాయి. పదకొండు దాటాక ఫోను మోగింది.

"తల్లీ, ఆటు అయిపోవచ్చింది. నీళ్ళు అంగుళం కూడా దిగలేదు."

"సరిగ్గా చూశావా పెద్దాయనా?"

"చేత్తో తడిమి చూశాను. పోటు ఇంకా మొదలే కాలేదు, ఇప్పుడే ఇలా ఉంటే పోటొచ్చాక ఏం కావాలి? సముద్రం తలుపేసేసింది తల్లీ. నది ఇంకెక్కడికి పోతుంది, పక్కలకే పోతుంది. పడవల వీధి వాళ్ళని బయల్దేరమని చెప్పు. భోజనాలకి కూడా ఆగొద్దని చెప్పు."

నేను వెళ్ళి డ్యూటీ ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన మంచివారు. కసురుకోలేదు. పుస్తకం తీసి, అంకె చూసి, "మట్టం ప్రమాదస్థాయికి మూడడుగులు కింద ఉందమ్మా. ఆటుపోట్ల సంగతి రేవు ఆఫీసుది. మనది నది. వాళ్ళని ఓసారి అడగండి" అన్నారు. అడిగాను. అక్కడి గుమాస్తా, "గాలి ఎంతో చెప్పమంటే చెబుతాం, అలలు ఎంతో చెబుతాం. నది నీళ్ళు దిగాయో లేదో మాకేం తెలుసమ్మా? అది మీ పని కదా!" అన్నాడు. అతనూ తప్పుగా ఏమీ అనలేదు. నేను వెనక్కి వచ్చి ఇంజనీరుగారికి ఆ మాటే చెబితే, "రిమార్కులేం రాయకండి, రేపు ఎవరైనా చదివితే గందరగోళం. ఫారం ప్రకారం చదివెయ్యండి" అన్నారు.

(వేదిక మీద కదలిక)

సార్, మీరు లేవకండి. దయచేసి కూర్చోండి. అవును, ఆ డ్యూటీ ఇంజనీరుగారు ఇవాళ మన చీఫ్ ఇంజనీరుగారే. నేను మీ మీద నేరం మోపడానికి మాట్లాడటం లేదు సార్. మీ మాట మీరు విచారణలో చెప్పుకున్నారు. నేను చెప్పుకోనిది ఇప్పుడు చెబుతున్నాను.

సరిగ్గా పన్నెండింటికి చదివాను. నీటిమట్టం ఇంత, వరద రేపు మధ్యాహ్నానికి చేరుతుంది, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి, ప్రస్తుతం ఇళ్ళు ఖాళీ చేయవలసిన అవసరం లేదు. మూడుసార్లు చదివాను. మూడుసార్లు చదవాలని నిబంధన.

పన్నెండుంపావుకి మళ్ళీ ఫోను. ఈసారి మా మరిది. మా చెల్లెలి భర్త. పడవలు కట్టే వడ్రంగి, పడవల వీధి చివరి ఇల్లు. "వదినా, మైకులో విన్నాం. నీ చెల్లెలు మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది, బయల్దేరదామంటోంది. అద్దెకి లారీ ఒకటుంది, వెళ్ళమంటావా? పడవకి చివరి పలకలు బిగిస్తున్నాను, ఇవాళ వదిలేస్తే తడిసి వంకర పోతాయి."

నా నోట్లో పెద్దాయన మాట ఉంది. నాలిక చివర ఉంది. ఇంజనీరుగారు పక్కన నిలబడి ఉన్నారు కాబట్టి చెప్పలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఆయన అప్పటికే క్యారేజీ పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు. గదిలో నేనూ, ఆ మరకా తప్ప ఎవరూ లేరు. నేను చెప్పకపోవడానికి కారణం సిగ్గు. నాలుగోసారి కూడా ఏమీ జరక్కపోతే? బజారులో మళ్ళీ ఆ నవ్వు, మళ్ళీ బల్ల మీద బురద. కాగితం నన్ను కాపాడుతుందని దాని వెనక నక్కాను. "కాగితంలో రేపు మధ్యాహ్నం అని ఉంది. ఇప్పుడేం కదలక్కర్లేదులే, పలకలు బిగించుకో" అన్నాను.

(గ్లాసు కోసం వెనక్కి తిరుగుతారు)

నీళ్ళు ఇవ్వమ్మా. ఊఁ, చాలు.

రెండూ నలభైకి సముద్రం లేచింది. తుఫాను దక్షిణంగానే దాటింది, రేవు ఆఫీసు లెక్క తప్పలేదు. కానీ తన చెయ్యి ఒకటి ఇటు విసిరింది. ఉప్పెన మొగలోకి దూరింది. బయటికి వెళ్ళడానికి దారిలేక నిండిపోయి ఉన్న నది ఆ నీటిని మోయలేక పక్కలకి పొర్లింది, పెద్దాయన చెప్పినట్టే. కట్ట రెండు చోట్ల తెగింది. పడవల వీధిలో నీళ్ళు మనిషెత్తు లేవడానికి పట్టింది పది నిమిషాలు. పట్టపగలు. అన్నాలు తిని, కొందరు కునుకు తీస్తూ, కొందరు తలుపుల ముందు వలలు బాగుచేసుకుంటూ ఉన్నారు. నేను మైకు పట్టుకుని పరిగెత్తండి, పరిగెత్తండి అని అరిచాను. అప్పటికే ఆ వీధి మైకు నీళ్ళలో ఉంది. ఆ అరుపు మెరకలో ఉన్న వీధులకే వినిపించింది, వాళ్ళకి పరిగెత్తాల్సిన పని లేదు.

ముప్ఫై ఎనిమిది మంది. తర్వాత ఐదు రోజులు దొరికినవాళ్ళ పేర్లూ, దొరకనివాళ్ళ పేర్లూ మైకులో చదివిందీ నేనే. ఆ పేర్లు కూడా ఒక్క అక్షరం తప్పు చదవలేదు. కోళ్ళు పోయాయన్న ఆవిడ పేరు రెండో రోజు చదివాను. మా మరిది పేరు నాలుగో రోజు చదివాను. తను కడుతున్న పడవ కిందే దొరికాడు. మా చెల్లెలు రంపపుమిల్లు కప్పు మీదకి ఎక్కి బతికింది. మా మరిదే ఎక్కించాడట. తన పనిముట్ల పెట్టె కోసం దిగాడట.

విచారణ ఈ హాల్లోనే జరిగింది. ఇప్పుడు పూలకుండీ పెట్టిన ఈ బల్ల వెనకే ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. గేజీ గది కొట్టుకుపోయింది, పెద్దాయన రిజిస్టరూ దాంతోనే పోయింది. ఆయన నిలబడి, "పదకొండు దాటాక ఫోను చేసి చెప్పానండీ, ఆటు వేళ నీళ్ళు దిగలేదని, జనాన్ని పంపించెయ్యమని" అన్నాడు. వాళ్ళు కంట్రోల్ రూము రిజిస్టరు తెరిచారు. అంకె ఉంది. రిమార్కుల గడి ఖాళీ. అప్పుడు నన్ను పిలిచారు. "ఆ సమయంలో మీకు ఫోనులో అంకె కాకుండా ఇంకేమైనా చెప్పారా?" అని అడిగారు.

నేను, "నాకు గుర్తు లేదండీ" అన్నాను.

నాకు అన్నీ గుర్తున్నాయి. ఆయన గొంతు వెనక నీళ్ళ చప్పుడు కూడా గుర్తుంది. అయినా ఆ మూడు ముక్కలూ అన్నాను. అన్నందుకు నా ఉద్యోగం నిలబడింది, సారు ఉద్యోగం నిలబడింది, ఈ ఆఫీసు పరువు నిలబడింది. పెద్దాయన ప్రమాద సూచన సకాలంలో తెలపలేదనీ, పైపెచ్చు అబద్ధం చెప్పాడనీ రాసి ఆయన్ని పనిలోంచి తీసేశారు. ముప్ఫై ఏళ్ళు గంటగంటకీ మెట్లు దిగి ఎక్కినవాడు.

ఆ రోజు విచారణ అయ్యాక బయట మెట్ల మీద ఆయన నాకు ఎదురయ్యాడు. నేను తల దించుకుని పక్కనుంచి పోబోయాను. ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "తల్లీ, పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నావు, భోంచేశావా?" అన్నాడు.

నేను మెట్లు దిగి వెళ్ళిపోయాను. తర్వాత ఆయన సినిమా హాలు ముందు సైకిళ్ళకి కాపలా ఉండేవాడు. నేను ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి ఇంటికెళ్ళేదాన్ని. నాలుగేళ్ళకి పోయాడు. పోయాడని తెలిసి కూడా వెళ్ళలేదు. అమ్మా, కిటికీ పక్క అమ్మాయీ, మీ నాన్న అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పాడు. నేను విన్నాను. ఈ మాట ఆ బల్ల ముందే చెప్పాల్సింది, పదకొండేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను. నన్ను క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. ఈ హాల్లో ఇంతమంది విన్నారన్నది మాత్రం నీకు మిగలాలి.

(వెనక వరుసల్లో ఎవరో ఏడుస్తున్నారు)

ఈ నిజం చెప్పేస్తే ఏదో మారుతుందని మీరనుకుంటారేమో, నేనూ అనుకున్నాను. ఆరు నెలల కిందట అంతా వివరంగా రాసి సంతకం పెట్టి పై ఆఫీసుకి పంపాను. జవాబు వచ్చింది. సదరు విచారణ సంఘం కాలపరిమితి ముగిసినందున, ఫైలు మూసివేయబడినందున, మీ లేఖను దాఖలు చేయడమైనది అని. దాఖలు చేయడమైనదట. పెద్దాయన పేరు మీది మచ్చ ఆ ఫైల్లో అలాగే ఉంది, దాని పక్కన నా ఉత్తరం కూడా గుచ్చారన్నమాట. రెండూ ఒకే బీరువాలో చెమ్మ పడుతుంటాయి. చీఫ్ ఇంజనీరుగారు నన్ను పిలిచి మెల్లగా, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, ప్రశాంతంగా రిటైరవ్వండి" అన్నారు. ఆయన నా మంచికే అన్నారు. ప్రశాంతత ఎక్కడ దొరుకుతుందో ఆయనకీ తెలియదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

నా తర్వాత నా కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి అదిగో, పూలగుత్తి పట్టుకుని నిలబడింది. నిన్న నన్ను, "అక్కా, మీ అనుభవంతో నాకేదైనా ధైర్యం చెప్పండి" అని అడిగింది. చెప్పడానికి ధైర్యం వెతుక్కున్నాను, దొరకలేదు తల్లీ. ఉన్నదే చెబుతాను. ఇప్పుడు గేజీ దగ్గర మనిషి లేడు, యంత్రం ఉంది. యంత్రం అంకె సరిగ్గానే పంపుతుంది, ఆటు వేళ నీళ్ళు దిగకపోతే మాత్రం దానికి భయం వెయ్యదు. నదికి ఒక ఆఫీసు, సముద్రానికి ఒక ఆఫీసు అలాగే ఉన్నాయి. ఫారం చివర ఆ వాక్యం ఇప్పటికీ అచ్చువేసే ఉంది, నిన్న కొత్త ఫారాల కట్ట విప్పి చూశాను. పడవల వీధిలో అప్పట్లో తొంభై ఇళ్ళుండేవి, ఇప్పుడు నూట నలభై. ఎక్కడికి పోతారు మరి? వాళ్ళ పని ఆ నీళ్ళ దగ్గరే ఉంది. మొగ దగ్గర ఇసుక మేట వేసి దారి సన్నబడింది. మన వంతెన దగ్గర ఆటు నీళ్ళు నేను చేరిన రోజుల్లో ఎంత దిగేవో, ఇప్పుడు అంత దిగడం లేదు. ఏటేటా కొంచెం కొంచెం తగ్గుతోంది. ఈ మాట నాలుగుసార్లు రాశాను. అవీ దాఖలయ్యాయి. మళ్ళీ వస్తుంది. ఈసారి ముప్ఫై ఎనిమిదితో ఆగదు. ఇది బెదిరింపు కాదు, నాకు ఇంతకన్నా మంచిమాట తెలియదు. నువ్వు చెయ్యగలిగింది ఒక్కటే. కాగితం చేతిలో ఉండగా ఫోనులో ఎవరైనా భయపడితే, ముందు ఆ భయాన్ని చదువు. ఉద్యోగం పోతే పోతుంది. నా ఉద్యోగం పోలేదు, చూస్తున్నావుగా, పూలగుచ్ఛాలిస్తున్నారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మా చెల్లెలికి ఇదంతా నేను పోయిన నెలదాకా చెప్పలేదు. పదకొండేళ్ళు మా ఇంట్లోనే, నా పక్క మంచం మీదే పడుకుంది. నేను వండింది తింది. నేను తలనొప్పి అంటే నా తల పట్టింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరం కూరగాయలు తరుగుతుంటే, ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. పెద్దాయన ఫోనూ, మరిదికి నేను చెప్పిన మాటా, అన్నీ. కత్తి పక్కన పెట్టి నా మీద పడి కొడుతుందనుకున్నాను. తరుగుతూనే ఉంది. తల ఎత్తకుండానే అంది:

"నాకు తెలుసక్కా. ఆ రోజు మైకులో నీ గొంతు బాగోలేదు. చివరి ముక్క దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నావు. నువ్వెప్పుడూ అలా ఆగవు. అందుకే ఆయనతో అన్నాను, అక్క ఏదో దాస్తోంది, పోదాం పదండి అని. ఆయన నీకు ఫోను చేసి వచ్చి, నా చేతిలో మూట తీసి కింద పెట్టేశారు. 'పిచ్చిదానా, మీ అక్క మనకి అబద్ధం చెబుతుందా?' అన్నారు."

(చివరి వరుస వైపు చూస్తారు)

ఆవిడ ఇవాళ వచ్చింది. చివరి వరుసలో కూర్చుంది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ రోజు తరిగిన కూర మాత్రం ఇద్దరం తిన్నాం.

నన్ను ఇంతకాలం భరించిన ఈ ఆఫీసుకి కృతజ్ఞతలు. వేదిక మీద తల వంచుకుని కూర్చున్న చీఫ్ ఇంజనీరుగారికి కృతజ్ఞతలు, మధ్యలో మైకు ఆపించగలిగీ ఆపించలేదు. మా ఆయనకి, ఇన్నేళ్ళూ నేను నిద్రలో ఏం కలవరిస్తున్నానో విని కూడా అడగనందుకు. పడవల వీధి వాళ్ళకి, ఏం చెప్పి కృతజ్ఞతలు చెప్పుకోవాలో నాకు తెలియదు. మీరంతా కూర్చుని విన్నారు.

బయట వాన పట్టింది, వింటున్నారుగా. సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. ఇవాళ పోటు ఆరింటికి, ఇప్పుడు నాలుగున్నర దాటింది. వచ్చేటప్పుడు వంతెన మీద ఆగి చూశాను, నీళ్ళు ఉండాల్సిన దానికన్నా ఎత్తుగా ఉన్నాయి, అప్పుడు గాలి ఇటు లేదని ఇంతసేపు ఊరుకున్నాను. ఇది ఏ కాగితంలోనూ రాసి లేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. కట్ట మీది దారిన ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు టీ కోసం ఆగకండి. పిల్లల్నీ, ముసలివాళ్ళనీ తీసుకుని మెరక మీదున్న ఈ హాలుకే తిరిగి రండి, తాళంచెవి నా దగ్గరే ఉంది, తలుపులు తీసే ఉంచుతాను. ఏమీ జరక్కపోతే రేపు బజారులో నన్ను చూసి నవ్వండి. లేవండి, త్వరగా వెళ్ళండి.

సెలవు.